తూనీగకు చెవులు లేవు

నా చిన్నప్పుడు నా నోరు ఆపుడు ఎవరి తరం గాకపోయేది. లేచిన కాడ్నుంచి పండేదాక ఏదో ఒకటి మాట్లాడుతనే ఉండేదాన్ని. "ఇది పుట్టినప్పుడు దీని నోటికి మూత పెట్టుడు మర్చిపోయిన్రు" అనేది మా నాయనమ్మ. గట్లాంటి దాన్ని, రెండో తరగతిల ఉన్నప్పుడు మాట్లాడుడే బంద్ పెట్టిన. ఎందుకు పెట్టిన్నో, మళ్ల ఎట్ల మాట్లాడిన్నో చెప్త.

మాది కొత్తగూడెం దాటినంక భద్రాచలం పోయే రోడ్డు మీద, అడివి అంచున ఉండే ఊరు. మా అమ్మ రెండో కాన్పుకని పెనుబల్లి దిక్కు అమ్మమ్మోళ్ల ఊరికి పోయింది. వానకాలం. నొప్పులొచ్చి కష్టమై, దవాఖానకు తీస్కపోతుంటే తొవ్వలనే పాణం పోయింది. లోపలి బిడ్డ గూడ దక్కలే. శవాన్ని ఇటు తెద్దామంటే మా ఊరి వాగు రోడ్డు మీదికెల్లి పారుతుండె. అక్కడ్నే అన్నీ చేసిన్రు. నాన్న అప్పటికే అక్కడ ఉన్నడు. నేను నాయనమ్మ దగ్గరున్న.

ఈ సంగతి ఊరంతా తెలుసు, నాకొక్కదానికే తెల్వదు. అమ్మేదని అడిగితే, ఊర్ల ఉంది, వస్తదిలే అనేటోళ్లు. పసిపిల్ల, తట్టుకోలేదని వాళ్ల బాధ. వాళ్లను నేనిప్పుడు ఏమీ అనను. నాన్న తిరిగొచ్చినంక నా మొఖం దిక్కే చూడకపోయేది. తెల్లారకముందే పొలం పోయి, పొద్దుగూకినంక వచ్చేటోడు.

గా రోజులల్ల నన్ను వెంటేసుకొని తిరిగింది స్టూడియో బాబాయి. సొంత బాబాయి కాదు, మా పక్కింటాయన. బస్‌స్టేజి కాడ చిన్న ఫోటో స్టూడియో నడిపేటోడు. అప్పుడన్నీ రీల్ కెమెరాలే. పెళ్లి ఫోటోలన్నీ అయినంక రీల్ల ఇంకో రెండు మూడు మిగిలేటివి. రీలు మొత్తం అయిపోతేగాని కడగడానికి పంపలేడు గదా, ఆ మిగిలినయి పోయి అడివిల తీసేటోడు. చారలున్నదేదైనా ఆయనకు పిచ్చే. ఉడుతలు, చారల గొంగళిపురుగులు, ఒకసారి కట్లపాము ఫోటో గూడ తీసుకొచ్చిండు. చారలున్నయి కండ్ల ముంగట్నే ఉన్నా గడ్డి నీడల కలిసిపోతయంట, అవి మనకు దొరికినప్పుడు మస్తు తృప్తంట. అన్నిట్లకెల్లి ఆయనకు పాణం, వాగు ఒడ్డుకుండే సన్న తూనీగలు. సూదంత ఒళ్లు, ఒళ్లంత నలుపూ నీలం పట్టెలు. మామూలు తూనీగ లెక్క రెక్కలు చాపదది, రెండూ మూసి వీపు మీద పెట్టుకొని కూసుంటది.

పిల్లను జర తిప్పుకరమ్మని నాయనమ్మే ఆయనకు చెప్పింది. బడి ఉండదని ఐతారం ఐతారం వాగుకు పోయేటోళ్లం. ఆయన నీళ్లల్ల మోకాళ్ల మీద కూసొని ఊపిరి బిగబట్టుకొని చూస్తుంటె, నేను వెనకనుంచి ఒకటే నస. గదేంది బాబాయ్, దానికి ఇల్లుంటదా బాబాయ్, పట్టెలు ఎవరేసిన్రు బాబాయ్.

ఒకరోజు తూనీగ ఎగిరిపోయింది. ఆయన కెమెరా దించి నన్ను పక్కన కూసోబెట్టుకున్నడు.

"ఇగో బిడ్డా, ఒక మాట చెప్త విను. ఎగిరిపోయినా గది మళ్ల గా పుల్ల మీదికే వస్తది. మనం కదలొద్దు, మాట్లాడొద్దు. మాట్లాడినవంటె రాదు."

మూతి మూసుకొని కూసున్న. కొంచెంసేపటికి నిజంగనే వచ్చింది. అదే పుల్ల మీద, అదే జాగల కూసుంది. బాబాయి ఫోటో తీసుకొని నా దిక్కు చూసి నవ్విండు. నేను నవ్వలే. నా మనసుల వేరే లెక్క నడుస్తుండె.

అమ్మ ఎందుకొస్తలేదో నాకు సమజైంది అనుకున్న. నేనే మాట్లాడి మాట్లాడి రానిస్తలేను.

ఆ రోజుకెల్లి నోరు తెరువలే. బడిల పలకలే, ఇంట్ల అన్నం కావాలని గూడ అడగలే. సాయంత్రం అయితే పోయి బస్‌స్టేజి అరుగు మీద కదలకుండ కూసునేదాన్ని. బస్సొచ్చి మంది దిగుతుంటె ఒక్కో మొఖం చూసేదాన్ని. ఈగ వాలినా కొట్టుకోకపోయేదాన్ని, చెయ్యి కదుల్తదని. నాయనమ్మకు భయం పట్టుకుంది. గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. కొత్తగూడెం తీస్కపోతె డాక్టరు నోట్ల లైటేసి చూసి, గొంతుకేం కాలేదన్నడు. నాన్న గూడ రాత్రి నా పక్కన కూసొని "ఏమైందిరా" అని అడిగిండు. నేను తల అడ్డంగ ఊపిన, అంతే.

మళ్ల ఐతారం బాబాయి వాగుకు తీస్కపోయిండు. నవ్వియ్యాలని చూసిండు పాపం.

"ఏందే, నాలుక వాగుల కొట్టుకపోయిందా? ఎతుకుదామా?"

నేను పలకలే.

"అవ్ లే, పెద్దదానివైనవ్. మాసొంటోళ్లతోని మాట్లాడుతవా ఇగ."

అయినా పలకలే. అప్పుడాయన నవ్వుడు ఆపి నా గదవ పట్టుకొని మొఖం ఇటు తిప్పుకున్నడు. ఎందుకు మాట్లాడతలేవు బిడ్డా, నాకొక్కనికే చెప్పు అన్నడు. ఎవరికన్న వినపడ్తదేమో అని అటిటు చూసి, ఆయన చెవుల చెప్పిన.

"మాట్లాడితే అమ్మ రాదు."

ఆయన మొఖం నాకిప్పటికీ యాదికుంది. మాకు జానెడు దూరంల తూనీగ ఒకటి కూసొని ఉండె, దాని దిక్కు గూడ చూడలే. కెమెరా సంచిల పెట్టి జిప్పేసిండు.

"తూనీగకు చెవులు లేవు బిడ్డా" అన్నడు. "మన మాట దానికి వినపడదు. నువ్వు నస పెడుతుంటె నాకు చెయ్యి ఊగుతుందని, నీ నోరు మూయించనీకి అబద్ధం చెప్పిన. తప్పు నాది."

అమ్మ రాదు అన్నడు. అమ్మ సచ్చిపోయింది, కడుపులున్న బిడ్డ గూడ పోయింది, నీకు చెప్పొద్దని అందరం అనుకున్నం అన్నడు. "నువ్వు మాట్లాడినా రాదు, మాట్లాడకున్నా రాదు. నీ వల్ల కానే కాదు. గందుకని మాట్లాడు బిడ్డా, నీ ఇష్టమొచ్చినంత మాట్లాడు."

వెంటనే ఏడుపు రాలే నాకు. మరి ఇదెట్ల తిరిగొస్తుందని తూనీగను చూపెట్టిన. అది ఉత్తగ తిరగనీకి పోయింది, అమ్మ సచ్చిపోయింది అన్నడు. రెండింటికీ సంబంధం లేదన్నడు. అప్పుడొచ్చింది ఏడుపు. ఆయన ఊకో అనలే. నా పక్కన నీళ్లల్ల కాళ్లు పెట్టుకొని కూసున్నడు. ఏడుపు అయినంక మాటలు మొదలైనయి. అమ్మ నాకు జడెట్ల వేసేది, చింతచిగురు కోసేటప్పుడు ఏం పాడేది, తమ్ముడు పుడితే ఏం పేరు పెడదామన్నది, అన్నీ. ఇంటికి పోయేదాక చెప్తనే ఉన్న, ఆయన వింటనే ఉన్నడు.

ఇంటికాడ నాయనమ్మ ఆయన్ని వాకిట్లనే నిలబెట్టి తిట్టింది. "పసిదానికి గట్ల చెప్తరా, నీ నోట్ల మన్నువడ" అన్నది. ఆయన తల వంచుకొని అన్నీ పడ్డడు. నాన్న లోపట్నుంచి వచ్చిండు. ఎవ్వర్నీ ఏమనకుండ నన్ను ఎత్తుకున్నడు. అమ్మ పోయినంక నాన్న నన్ను ఎత్తుకునుడు అదే మొదటిసారి. ఆ రాత్రి అమ్మ ముచ్చట్లు ఇద్దరం చెప్పుకున్నం. నాన్నకు గూడ అన్ని రోజులు చెప్పుకోనీకి మనిషి లేదని నాకు పెద్దగైనంక తెలిసింది.

ఇప్పుడు నేను అంగన్‌వాడిల ఆయాగ చేస్తున్న. పెద్ద చదువు లేదు నాకు, పిల్లలను ఆడించుడు తెలుసు. పోయినేడు మా సెంటర్ల ఒక పిల్ల వాళ్ల నాయన గురించి అడిగింది. నాయన ఎప్పుడొస్తడు ఆయమ్మా అని. ఆయన సచ్చిపోయి నెల దాటింది. పిల్లలకు గిసొంటియి చెప్పుడు మందికి ఇష్టం ఉండదని తెలుసు. అందుకే ముందు వాళ్ల అమ్మ దగ్గరికి పోయిన, ఇద్దరం కలిసి చెప్దామని బతిమాలిన. ఆమె కొంగు నోట్ల పెట్టుకొని ఏడ్చి, చివరికి సరే అన్నది. మర్నాడు సెంటర్ల ఆమె ముంగట్నే పిల్లను ఒళ్లె కూసోబెట్టుకొని ఉన్నదున్నట్టు చెప్పిన. నీ వల్ల కాదు అని గూడ చెప్పిన. ఆ మాట అడగకపోయినా చెప్పాలె, పిల్లలు లోపల ఏం లెక్కలు వేసుకుంటరో మనకు తెల్వదు. ఆ పిల్ల చానాసేపు ఏడ్చింది. పిల్లలకని పొయ్యి మీద పెట్టిన పప్పు మాడుతున్న వాసన వచ్చింది. నేను లేవలే.