గిద్దెడు జావ

నా చిన్నప్పుడు, పదేళ్ళ వయసులో, నా రవికె మా చిన్నత్తకు సరిపోయింది. ఆమె మా నాయనకు చెల్లెలు, పెళ్ళై ఊత్తంగరైలో కాపురం చేస్తున్న మనిషి. పుట్టింటికి వచ్చినప్పుడు, తన రవికెలన్నీ భుజాల మీద నిలవడం లేదని నాది అడిగి తొడుక్కుంది. నేను నవ్వాను. మా అవ్వ నవ్వలేదు. ఎందుకో నాకు తెలియలేదు.

వేప్పనపల్లి పక్కన మా ఊళ్ళో ఒక్కపొద్దు ఉండేవాళ్ళంటే అందరికీ గౌరవం. ఆ రవికె సంగతికి చాలా ముందు నుంచే అత్త ఒక్కపొద్దులు ఉండేది, మొదట శనివారం. తర్వాత సోమవారం కలిసింది, ఆ పైన గురువారం. ఎంత భక్తి అని అందరూ మెచ్చుకున్నారు, మా అవ్వ అందరికంటే ఎక్కువ మెచ్చుకుంది. చివరికి వారంలో ఒక్కపొద్దు లేని రోజే లేకుండా పోయింది. తినే ఆ ఒక్క పూట కూడా సంగటి ముద్దను పెరట్లోకి తీసుకుపోయి కుక్కకు వేసేది. మా ఇంటికి వచ్చినప్పుడు నేను చూశాను. దేవుడి పనేమో అనుకుని ఎవరికీ చెప్పలేదు.

అత్తింటివాళ్ళు ఆమెను తెచ్చి మా ఇంట్లో దించిపోయిన నాలుగో రోజు, గొడ్ల కొట్టంలో కూలబడిపోయింది. కృష్ణగిరికి తీసుకుపోయారు. కొన్నాళ్ళు ఆస్పత్రిలోనే ఉంచుకుని పంపుతూ డాక్టరమ్మ అవ్వకు చెప్పిందట: ఇది భక్తి కాదు, జబ్బు. తిండే దీనికి మందు. ఆకలితో మాడిన ఒంటికి ఒక్కసారిగా ఎక్కువ పెడితే ప్రాణానికే ముప్పు. వేళకు, కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి. తినకపోవడం జబ్బేమిటో, తిండి మందేమిటో నాకు తల తిరిగిపోయింది.

అవ్వ పాలు కొలిచే గిద్దను తోమి పెట్టుకుంది. గిద్దెడు రాగి జావ, రోజుకు ఆరు మార్లు. అత్తకు ఒక గిద్ద, తనకొక గిద్ద, నాకొక గిద్ద. ముగ్గురం కలిసి కూర్చోవాలి. అత్తను తినమని అనకూడదు, ఆమె గిన్నెలోకి చూడకూడదు. ఊరికే వేరే సంగతులు మాట్లాడాలి. నాకు ఇచ్చిన పని అదే.

కొన్ని వారాలకు అత్త బుగ్గలు కాస్త నిండాయి. సంతోషం పట్టలేక అనేశాను.

"అత్తా, ఇప్పుడు బాగా ఒళ్ళు చేసినావు."

ఆమె గిన్నె కింద పెట్టేసింది. రెండు రోజులు ఏదీ ముట్టలేదు. అత్త నా మాటతోనే చచ్చిపోతుందనుకున్నాను. ఎవరూ తిట్టలేదు, అది ఇంకా భయంగా ఉండింది. వంటింట్లోకి పోయి అవ్వ కొంగు పట్టుకున్నాను.

"అవ్వా, నేను మంచి మాటే గదా చెప్పినాను?"

"మంచి మాటే పాపా. ఒక్కపొద్దులు చూసి నేనూ మంచి మాటే చెప్పినాను."

ఆ జవాబు నాకు అప్పుడు అంతుపట్టలేదు. మూడో రోజు అవ్వ మళ్ళీ గిద్ద తీసింది. రెండు రోజులది కలిపి ఎక్కువ పోయమన్నాను.

"పోయినదాన్ని కలపకూడదు. ఈ పొద్దుది ఈ పొద్దే."

అదే గిద్ద, అదే వేళ. ఏం మాట్లాడాలో తోచక, మా నాయన తువ్వాలు ఎత్తుకుని కోతి మామిడిచెట్టు ఎక్కిన సంగతి మొదలుపెట్టాను. నాయన కింద నిలబడి దాన్ని బతిమాలుకున్నాడని చెప్పాను.

"ఇచ్చిందా మే?" అంది అత్త. అంటూనే గిన్నె చేతికి తీసుకుంది.

సగమే తాగింది. మిగిలిన సగం వైపు అవ్వ చూడలేదు, నన్నూ చూడనివ్వలేదు.

అత్త తేరుకోవడానికి ఏడాది పైనే పట్టింది, నడుమ మళ్ళీ జారింది కూడా. ఆమె తిండి ఎందుకు మానిందో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు. నేను మాత్రం ఇంటికి వచ్చినవాళ్ళను చిక్కావనీ అనను, ఒళ్ళు చేశావనీ అనను.

ఇప్పుడు హోసూరులో ఉద్యోగం చేస్తున్న నా మనవరాలికి అదే జబ్బు. డాక్టరు ఎప్పుడెప్పుడు ఎంత తినాలో కాగితం మీద రాసిచ్చింది. రోజూ పదకొండు గంటలకు ఆ పిల్ల నాకు ఫోను చేస్తుంది. ఆ వేళకు నేనూ గిద్దెడు జావ పోసుకుని కూర్చుంటాను. తన గిన్నెలో ఏముందని అడగను. కోతి సంగతి చెబుతాను.