కంప్యూటరక్క కాపాడిన మా అన్న డ్రైవ్

మొన్న పొద్దుగాల స్టూడియోల ఒక పాపకు పాస్‌పోర్టు ఫోటో తీస్తుంటె నాదర్‌గుల్ నుంచి ఫోన్ వచ్చింది. "అక్క పోయింది తమ్మీ. నిద్రలనే పోయింది" అన్నది కంప్యూటరక్క చెల్లె. కదలకు అని చెప్పినందుకు ఆ పాప ఊపిరి బిగబట్టుకొని అట్లనే కూసున్నది. నేనే కెమెరా దించి గోడకు ఒరిగిన.

ఇబ్రహీంపట్నంల ఆమెను అందరు కంప్యూటరక్క అనే పిలుస్తుండె. పేరు పెట్టి పిలిచినోళ్లు తక్కువ. నేను గూడ ఇక్కడ పేరు రాస్తలేను. రాస్తె వేరే ఎవలో అనిపిస్తది.

యాచారం అవతల చిన్న ఊరు ఆమెది. పాలిటెక్నిక్ చదివి, సాగర్ రోడ్డు మీద మా స్టూడియో పైగది కిరాయికి తీసుకొని, ఆడపిల్లలకు కంప్యూటర్ నేర్పుతుండె. పట్నం మా దిక్కు పాకుకుంట వస్తున్న ఏండ్లవి. ముందటి వానకాలం జొన్న వేసిన చెల్కల ప్లాట్ల తెల్ల హద్దురాళ్లు లేస్తుండె. రోడ్డు పొంటి అన్నీ ప్లాట్ల ఆఫీసులు, ప్రతి ఆఫీసుల ఒక పాత కంప్యూటర్. ఏది మొండికేసినా పిలుపు ఆమెకే.

కంప్యూటర్ డబ్బా విప్పేముందు గాజులు తీసి కిటికీల పెట్టేది. చెయ్యి తిప్పి, వెనకభాగం డబ్బాకు ఆనించేది, జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు. తర్వాత చెవి ఆనించి, కండ్లు మూసుకొని వినేది. అప్పుడు ఎవలన్న మాట్లాడితె వేలు పైకెత్తేది. నేర్చుకునే పిల్లలు ఏదన్న ఫైలు కొట్టేస్తమంటె, "లోపల ఏముందో చూసినవా?" అని అడిగేది. చూడలేదంటె, "చూసినంక అడుగు" అనేది. పన్నెండు సార్లు అడిగినా అదే జవాబు, అదే గొంతు, కోపం లేకుండ.

మీలో చానమందికి ఆమె తెలుసు. ప్రింటర్ బాగుచేసిన మనిషిగనో, మీ బిడ్డకు టైపింగ్ నేర్పిన మనిషిగనో తెలుసు. మా ఇంట్ల ఆమె చేసిన పని మాత్రం ఇంతవరకు బయట చెప్పలేదు. చెప్తె నమ్ముతరో లేదో అని కాదు. చెప్పేటప్పుడు నాకే వెన్నుల ఏదో పాకుతది.

స్టూడియో మా అన్న పెట్టింది. నేను ఫోటోలు తీస్తుండె, పెండ్లి వీడియోలు కలిపే పని అంత ఆయనదే. కంప్యూటర్‌ల హార్డ్ డిస్కును ఆయనే సీ, డీ, ఈ, ఎఫ్ అని నాలుగు భాగాలు చేసుకున్నడు. సీల మిషిన్ నడిచే సామాన్లు. డీల పెండ్లిండ్ల పని. మూడోది, ఈ డ్రైవ్, ఆయన సొంతం, నేనెప్పుడు తెరువలేదు. ఎఫ్ ఎప్పటికన్న పనికొస్తదని ఖాళీగ ఉంచిండు.

ఒకనాడు మధ్యాహ్నం ఒక పెండ్లి ఆర్డరు మాట్లాడొస్తనని మోటర్‌సైకిల్ తీసిండు. మలుపు కాడ లారీ. దవాఖానకు చేరకముందే అయిపోయింది. పెండ్లయి రెండేండ్లు గూడ నిండలే. వదినకు అప్పుడు ఇరవై రెండేండ్లు ఉంటయేమో.

దినాలు అయినంక షట్టర్ లేపి కంప్యూటర్ ఆన్ చేసిన. ఆ రోజే, పొద్దు కొంచెం వాలినంక, నేను ఫోటోలు కోస్తుంటె, వెనకనుంచి మా అన్న అడిగిండు.

"తిన్నవా లేదా? లే, పోయి తిను."

కత్తెర చేతులనే ఉండిపోయింది. తిరిగి చూస్తె ఖాళీ కుర్చీ, కంప్యూటర్, పక్కన రెండు స్పీకర్లు. గోడ గడియారం చూసిన. అన్న పోయిండని మాకు ఫోన్ వచ్చిన యాళ్లనే అది.

మరునాడు అదే యాళ్లకు మళ్ల అడిగిండు. అవే మాటలు. ఇంట్ల చెప్పిన. అమ్మ ఆ మరునాడు వచ్చి విన్నది, ఏడ్వలేదు. అప్పటిసంది రోజూ ఆ యాళ్లకు వచ్చి, నన్ను బయటికి పొమ్మని, షట్టర్ సగం గుంజుకొని కూసునేది. వదిన ఒక్కసారే విన్నది. "నన్నే అడుగుతున్నడు" అని చెప్పులు వేసుకోకుండనే ఇంటికి ఉరికింది. మళ్ల స్టూడియో మెట్లు ఎక్కలే. కంప్యూటర్‌ను చెరువుల పారెయ్యమన్నరు ఒకరు, భూతవైద్యుని పిలువుమన్నరు ఇంకొకరు. అమ్మ ఎవలను ముట్టనియ్యలే.

నెలలు గడిచినయి. పెండ్లిండ్ల సీజన్ వచ్చింది. డీ నిండింది, వీడియో నడుమల్ల మిషిన్ ఆగిపోతుండె. పట్నం నుంచి పిలిపించిన ఒక మెకానిక్ చూసి, "ఈ డ్రైవ్ కొట్టేసి, ఎఫ్ తోటి కలిపి డీకి ఇద్దం. గంట పని" అన్నడు. నేను సరే అనబోయి, ఎందుకో పైకి పోయి కంప్యూటరక్కను పిలిచిన.

ఆమె గాజులు తీసి కూసున్నది. డ్రైవ్‌ల లెక్క చూసింది.

"తమ్మీ, మీ అన్న పోయినంక ఈల ఏమన్న పెట్టినవా?"

"నేను దాన్ని తెరువనే లేదక్కా."

"మరి ఇది నిండుతున్నది. నిన్న గూడ నిండింది." ఆమె నా దిక్కు తిరిగింది. "ఎవలు పెడుతున్నరు?"

మెకానిక్ సామాను సర్దుకొని వెళ్లిపోయిండు. అప్పుడే ఆ యాళ్ల అయింది. స్టూడియోల పని ఉన్నదని ఆ రోజు అమ్మను రావద్దని చెప్పిన. "తిన్నవా లేదా? లే, పోయి తిను." అక్క ఉలికిపడలే. గోడ గడియారం చూసింది, కంప్యూటర్‌ల టైమ్ చూసింది, ఏవో రెండు మూడు తెరిచింది.

"దయ్యం కాదు. తన గొంతు రికార్డు చేసి, అన్నం యాళ్లకు పలుకుమని మీ అన్ననే చెప్పిపెట్టిండు, పోయే ముందటి రోజు. నువ్వు పనిల పడితె తినవు గద, నీకోసమే. దినాల దాక మిషిన్ బందున్నది, లోపలి బ్యాటరీ మెత్తబడి గడియారం వెనకబడ్డది. అందుకే ఈ యాళ్లకు పలుకుతున్నది."

"మరి నిండుడు?"

"అది చూసినంక చెప్త."

ఆమె పని పద్ధతి నాకు అప్పుడు అర్థమైంది. డీ, ఎఫ్ పక్కపక్కన లేవు, నడుమ ఈ ఉన్నది. పక్కపక్కన ఉన్నయే కలుస్తయి. ఎఫ్‌ల జాగా డీకి రావాలంటె నడుమ ఉన్న ఈని మొత్తం అవతలి కొసకు జరపాలె. జరిపేటప్పుడు కరెంటు పోతె ఇటు కాకుండ అటు కాకుండ అయితది. అందుకని ముందుగాల అన్నిటికి నకలు. బయట పెట్టుకునే డిస్కు ఒకటి తెచ్చి అంత దాంట్ల దించింది. దించినంక ఊరుకోలే. నకలు తెరుచుకుంటదా లేదా అని ఒక్కొక్కటి తెరిచి చూసుడు మొదలుపెట్టింది. "తెరువని నకలు ఉన్నా లేనట్టే" అన్నది.

ఈ డ్రైవ్‌ల లోపల దాచిపెట్టిన ఒక ఫోల్డర్ ఉండె. దాంట్ల అన్నీ గొంతు రికార్డింగులే, దినానికొకటి. అక్క చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకొని ఒకటి తెరిచింది. కొంచెంసేపు విని, తీసి, నాకిచ్చింది.

ముందు ఫ్యాన్ చప్పుడు. షట్టర్ గీసుకున్న చప్పుడు. తర్వాత మా అన్న అడుగుడు. కొంచెం ఆగి, మా అమ్మ గొంతు.

"తిన్న కొడుకా. నువ్వు తిన్నవా?"

పెండ్లి వీడియోలకు మాటలు చెప్పే మైకు ఎప్పుడు టేబుల్ మీదనే ఉంటది. దానికెల్లి అమ్మ మాటలన్నీ లోపలికి పోయినయి. రోజూ. ఆమె చెప్పిన ముచ్చట్లు, చెప్పకుండ కూసున్న గంటలు, అన్నీ. ఇంకొకటి తెరిచిన అక్క మధ్యల ఆపేసింది.

"ఇది నేను వినేది కాదు. నువ్వు వినేది గూడ కాదు. మీ వదినను పిలువు."

"ఆమె రాదక్కా. భయపడ్డది."

అక్క లేచి గాజులు వేసుకొని తానే మా ఇంటికి పోయింది. ఏం చెప్పిందో తెల్వదు. వదిన చెయ్యి పట్టుకొని తోలుకొచ్చింది, కుర్చీల కూసోబెట్టి హెడ్‌ఫోన్ పెట్టింది. వదిన కండ్లు గట్టిగ మూసుకున్నది. తర్వాత ఒక్కసారే తెరిచింది. ఆమె విన్నదేందో అటెనక నాకు చెప్పింది:

"నాకేమైంది కొడుకా, నేను తింటనే ఉన్న. నీ పెండ్లామే తింటలేదు. పళ్లెం ముంగట పెట్టుకొని గోడ దిక్కు చూస్తది. నేను అడిగితె తిన్ననే అంటది. నువ్వు చెప్తె వింటది. జర దానికి గూడ చెప్పు."

అది ఒక్క రోజుది కాదు. ఒక దాని వెనక ఒకటి, అన్నిట్ల అదే అర్జీ. మామూలుగ వదినతోటి పొడిపొడిగ మాట్లాడే మనిషి మా అమ్మ. కోడలు వచ్చినంకనే కొడుకు పోయిండని చుట్టాలు అంటె కాదని ఒక్కమాట అనలే. అత్త గూడ అట్లనే అనుకుంటదని వదిన మనసుల ఉండె.

వదిన హెడ్‌ఫోన్ తీసి మెల్లగ టేబుల్ మీద పెట్టింది. షట్టర్ కాడ అమ్మ నిలబడి ఉన్నది, కోడలు ఇక్కడికి వచ్చిందని తెలిసి ఉరికొచ్చినట్టుంది. "అత్తమ్మా, అన్నం ఉందా?" అని అడిగింది వదిన. అమ్మ కొంగుల ముఖం దాచుకొని ఇంటికి పోయి టిఫిన్ గిన్నె తెచ్చింది. కస్టమర్లు కూసునే బల్ల మీద ఇద్దరు ఎదురెదురుగ తిన్నరు. నేను, అక్క బయట మెట్ల మీద కూసున్నం. అక్క లోపలికి తిరిగి చూడలే, నన్ను చూడనియ్యలే.

మరునాడు జరిపే పని. అక్క పైనుంచి తన యూపీఎస్ బ్యాటరీ గూడ దించింది. డిస్కుల దెబ్బలేమన్న ఉన్నయా అని ముందు పరీక్ష చేయించింది. తర్వాత సీడీ పెట్టింది. మిషిన్ మామూలుగ లేవకుండ, ఆ సీడీ మీదనే నడుస్తది, వేరే ఏ ప్రోగ్రామ్ అందుల నడవదు. స్పీకర్ల వైరు పీకి పక్కన పెట్టింది. అమ్మ, వదిన బల్ల మీద కూసున్నరు. తెర మీద ఒక గీత, ఎడమ నుంచి కుడికి, కనబడీ కనబడకుండ జరుగుతుండె. మా అన్న అందుల ఉన్నడని ఎవలం అనలే, అందరం అదే చూస్తున్నం.

సగం దాటినంక కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది, రోడ్డు మీద జిరాక్స్ మిషిన్లు ఆగినయి, సందు సందంత సద్దుమణిగింది. యూపీఎస్ ఒక్కటే మెల్లగ కూస్తుండె. అక్క డబ్బాకు చెయ్యి ఆనించింది.

"నకలు ఉన్నది గదక్కా" అన్న నేను.

"ఉన్నది. అయినా మనిషిని దాటిస్తున్నప్పుడు చెయ్యి తియ్యబుద్ధి కాదు."

అట్ల ఎంతసేపు ఉన్నమో. గోడ గడియారం ఆ యాళ్లకు వచ్చింది. స్పీకర్లు టేబుల్ మీద వైరు చుట్టుకొని పడి ఉన్నయి. అమ్మ తల ఎత్తింది.

"విన్నరా?"

నేను వినలే. వదిన నా దిక్కు చూసింది, ఆమె గూడ వినలే. యూపీఎస్ కూత తప్ప ఏం లేదు.

"అవ్ పెద్దమ్మా" అన్నది అక్క, తెర మీదికెల్లి కండ్లు తియ్యకుండ. "విన్న."

బ్యాటరీ అయిపోవస్తున్నట్టు కూత దగ్గరదగ్గరగ అయితుండంగ కరెంటు వచ్చింది. గీత కొస ముట్టింది. ఎఫ్ జాగా డీల కలిసింది, ఈ అవతల కొసకు క్షేమంగ చేరింది. అక్క మళ్ల అన్నీ తెరిచి, లెక్క సరిచూసి, అమ్మ ముంగట మోకాళ్ల మీద కూసున్నది.

"పెద్దమ్మా, ఆ మాట రోజూ పలుకుతనే ఉండాల్నా, బందు చెయ్యాల్నా? నువ్వు చెప్పినట్టే చేస్త."

అమ్మ కోడలి చెయ్యి తన ఒడిల పెట్టుకొని చాన సేపు చూసింది. "బందు చెయ్యి బిడ్డా. అడగంగ అడగంగ అలిసిపోయి ఉంటడు."

వదిన తర్వాత కంప్యూటరక్క దగ్గరనే నేర్చుకున్నది. ఇప్పుడు మా స్టూడియోల వీడియోల పని ఆమెదే. ఆమెకు రెండోపెండ్లి సంబంధం అమ్మనే చూసి చేసింది. హయత్‌నగర్‌ల ఉంటది, రోజూ బస్సుల వచ్చిపోతది. అక్క మాత్రం మోకాళ్లు పట్టేసినంక మెట్లెక్కలేక, నాదర్‌గుల్‌ల చెల్లె ఇంటికి పోయింది.

పోయిన ఎండకాలం చూడబోయిన. ముందటి గదిల మంచం మీద కూసొని, మోకాళ్లకు నూనె రుద్దుకుంటున్నది. ఇన్నేండ్లు అడుగనిది అడిగిన. "అక్కా, అమ్మ మాటలు రికార్డు చెయ్యమని గూడ అన్ననే పెట్టిండా?"

ఆమె చెయ్యి ఆగింది.

"చాన వెతికిన తమ్మీ. నీకు తెల్వకుండ మళ్ల రెండుసార్లు వచ్చి వెతికిన. దానికి పలుకుమని మాత్రమే చెప్పిపెట్టి ఉన్నది. వినుమని ఎవలు చెప్పలే."

ఇంక అడుగలే. ఆమె ఛాయ్ తాగిపొమ్మన్నది, తాగిన.

మొన్న అమ్మను, వదినను ఆటోల తీసుకొని నాదర్‌గుల్ పోయిన. ఇంటి ముంగట షామియానా కింద పండబెట్టిండ్రు. ఆమె దగ్గర నేర్చుకున్న ఆడోళ్లు మస్తుమంది వచ్చిండ్రు. ఇప్పుడు కొందరికి పెద్దపెద్ద పిల్లలు. పాడె కట్టుడు అయింది. పట్టుకునేటందుకు మేం వంగినం.

అక్కడ పైన ఎప్పుడు చిన్న విమానాలు తిరుగుతుంటయి, విమానం నడుపుడు నేర్చుకునేటోళ్లవి. ఒకటి ఇంటి మీదికి వచ్చింది. వచ్చి, చప్పుడు ఆపేసింది. ఏడుస్తున్నోళ్లు గూడ ఆగిండ్రు. అందరి తలలు పైకి లేచినయి. తెల్లటి ఆకాశంల అది చప్పుడు లేకుండ, కిందికి రాకుండ, ముందుకు పోకుండ ఉన్నట్టే అనిపించింది. షామియానా గుడ్డ గూడ కదలలే. మా భుజాల మీద ఆమె బరువు లేదు, ఇంకా ఎత్తలేదు మేము. అట్లనే వంగి, పైకి చూసుకుంట నిలబడ్డం.

తర్వాత ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు, ఆ చప్పుడు మళ్ల మొదలైంది.