ముప్పై ఏడో పుటలో తారీఖులు

మొన్న గురువారం మా కాలేజీ లైబ్రరీలో తీసెయ్యాల్సిన పాత సంపుటాలు ఏరుతూ, నా వ్యాసం అచ్చయిన పత్రిక తెరిచి, వెనక కుర్చీ ఉందో లేదో చూడకుండానే కూలబడ్డాను; ఉండబట్టి సరిపోయింది.

తొంభైల చివర, రాజమండ్రిలోని ఈ లైబ్రరీలోనే నేను టెంపరరీ లైబ్రేరియన్‌ని. లైబ్రేరియన్ల వృత్తి పత్రికలో ఒక్క వ్యాసం పడితే పర్మనెంటు, లేకపోతే ఆ వేసవితో ఇంటికి అన్నారు. అలాంటి పత్రికల్ని రాసినవాడూ ప్రూఫు దిద్దినవాడూ తప్ప మూడోవాడు చదవడని మీకు నేను చెప్పాలా? అందుకే ఎవరూ చదవని పత్రికకు, ఎవరూ చదవని పుస్తకాల గురించే రాశాను. వెనక అంటించిన తేదీల చీటీ మీద ఒక్క ముద్రా లేనివి నలభై ఒక్కటి తేలితే, 'వీటిని పదేళ్లుగా ఏ చెయ్యీ తాకలేదు' అని ఘనంగా రాసి పోస్టు చేశాను.

వేసుకుంటామని ఉత్తరం వచ్చిన రోజు, ఆ సంబరంలో వాటిలో ఒకటి తెరిచాను. ప్రతి లైబ్రరీకీ ఒక రహస్యపుట ఉంటుంది. దొంగ మొదటి పేజీ చించేసినా పట్టుబడేలా లోపల ఒకే నంబరు పేజీ మీద ముద్ర వేస్తాం. మాది ముప్పై ఏడు. ఆ ముద్ర కింద పెన్సిలుతో చీమలబారులా తారీఖులు, ఏడాదికొకటి. తోక బారుగా లాగిన ఆ తొమ్మిది నాకు ముందున్న లైబ్రేరియన్ గారిది, ఆయన రిజిస్టర్ల నిండా అదే. ఆయన పోయి మూడేళ్లు. ఆఖరి తారీఖు మాత్రం కిందటి వారానిది. నలభై ఒక్కటీ తెరిచాను, అన్నిట్లోనూ అంతే. మిట్టమధ్యాహ్నం, కరెంటు లేదు, ఫ్యాను ఆగిపోయి ఉంది, అయినా ఒక పేజీ దానంతటదే తిరిగింది. చనిపోయినవారి సభ్యత్వం రద్దు చేసే రూలు ఎక్కడుందా అని ఆలోచించాను. భయపడ్డానని చెప్పుకోవడానికి ఇంతకంటే మర్యాదైన మార్గం లేదు.

వెనక నుంచి అటెండరమ్మ నవ్వింది.

"మొహం అలా పాలిపోయిందేంటండి? నేనేనండి రాసేది. ఏ పుస్తకాన్నీ ఏడాదికి మించి మూసి ఉంచకు, ఆ పేజీ దాకా తెరిచి గాలాడనిచ్చి తారీఖు వెయ్యమన్నారండి పెద్దసారు. నాకు అంకెలు నేర్పిందీ ఆయనేనండి."

"ఆయన పోయారు కదమ్మా!"

"ఆయన పోయారండి. పుస్తకాలెక్కడికి పోయాయి?"

తాకలేదన్నది తప్పని పత్రికకు ఒక కార్డు ముక్క రాస్తే సరిపోయేది. వ్యాసం వెనక్కి తిప్పేస్తారేమోనని రాయలేదు. అది అచ్చయింది, నేను పర్మనెంటయ్యాను. చదువు రాని ఆవిడ ముచ్చటపడి చదివి వినిపించమంటే, ఆ ఒక్క వాక్యం దాటేసి చదివాను. అంతా విని, "బాగుందండి. నా ఊసే లేదు గానీ" అని చీపురు తీసుకుని వెళ్లిపోయింది.

ఆవిడ పోయి ఎనిమిదేళ్లు.

ఆ సంపుటంలో ముప్పై ఏడో పుట సరిగ్గా నా వ్యాసం మధ్యలో పడింది. ముద్ర కింద, 'ఏ చెయ్యీ తాకలేదు' అన్న వాక్యం పక్కనే, పెన్సిలు తారీఖులు, ఏడాదికొకటి, ఒక్క ఏడాదీ తప్పకుండా. తొమ్మిది తోక అదే. ఆఖరిది కిందటి వారానిది. బార్‌కోడ్లు వచ్చాక ముద్ర వెయ్యడం మానేశాం. ఆ నంబరు ఇప్పుడు నాకొక్కడికే తెలుసు. నేనైతే రాయలేదండి. ఈసారి వెనక నుంచి ఎవరూ నవ్వలేదు.

ఏ పుస్తకం ఎన్నిసార్లు బయటికెళ్లిందో ఇప్పుడు కంప్యూటరు క్షణంలో చెబుతుంది. వెళ్లనిదాన్ని తెరిచి కాస్త గాలాడనిచ్చే పని మాత్రం దానికి ఎవరూ అప్పగించలేదు. పెన్సిలు చెక్కి, ఇన్నేళ్ల ఆలస్యంగా ఆ వాక్యం కొట్టేసి, సంపుటాన్ని మళ్లీ బీరువాలోనే పెట్టాను. నెలాఖరుకు నా రిటైర్మెంటు. తాళంచెవులు ఎవరికివ్వాలో కాగితం వచ్చింది. ఆ పుట నంబరు ఎవరికి చెప్పాలో మాత్రం అందులో లేదు.