సాయిబు మామ షెడ్డులో ఆకురాయి గీత

మొన్న ఆదివారం మా కూతురి కొడుకు పాత జీపొకటి కొనుక్కొచ్చి మా ఇంటి ముందు నిలబెట్టాడు. దారీ తెన్నూ లేని గుట్టల మీద తోలాలట, అందుకు వెనక ఇరుసులో రెండు చక్రాలనూ కలిపి తిప్పే సామానొకటి వేయించాలట, సామాను దొరికింది గానీ దాన్ని బిగించడానికి నమ్మకమైన షాపు ఒక్కటీ కనబడడం లేదని వాడి బాధ. చక్కటి రోడ్డుండగా గుట్టలెక్కే ఖర్మేమిరా నీకు అని నాలుగు చీవాట్లు పెట్టాను. వాడి వయసులో మేము రోడ్డు కోసం దేవుళ్ళకు మొక్కుకున్నాం, వీళ్ళేమో రోడ్డు లేని చోటు కోసం వెతుక్కుంటున్నారు. వాడు నవ్వేసి వెళ్ళిపోయాడు గానీ ఆ పూట నాకు అన్నం సయించలేదు. వాడడిగిన ఆ సామానునే, ఆ నమ్మకమైన షాపునే వెతుక్కుంటూ అరవై ఏళ్ళ కింద నేను కూడా తిరిగాను. దొరికింది కూడా. దొరికినదాన్ని నిలుపుకోలేకపోయాను, అదీ నా కథ.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సులన్నీ వీపున బొగ్గుపొయ్యి మోసుకుని తిరిగేవి. తెల్లారి మొదటి బస్సు కదలాలంటే గంట ముందు నుంచీ ఆ పొయ్యి రాజేయాలి, ఎక్కిన పెండ్లివారు దిగేసరికి మసిగుడ్డల్లా ఉండేవారు. యుద్ధం ముగిశాక మా బావ, అంటే మా అక్క భర్త, మిలిటరీ వాళ్ళు అమ్మేసిన లారీ ఒకదాన్ని కొని, దాని మీద కొయ్యతో పెట్టె కట్టించి బస్సు చేశాడు. డ్రైవరును నేనే. కోయిలకుంట్ల నుంచి జమ్మలమడుగుకు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తోలేవాణ్ణి. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు, కాకీ చొక్కా తొడిగితే కలెక్టరు కూడా నా ముందు బలాదూరే అనుకునే రోజులు.

ఎండాకాలంలో ఆ తోవకు వంక లేదు. నాలుగు చినుకులు పడ్డాయంటే మాత్రం ఆ నల్లరేగడి చక్రాన్ని పట్టుకుని వదిలేది కాదు. మోటారు బండికి వెనక ఇరుసు నడుమ ఉబ్బుగా ఒక గుండు ఉంటుంది, దానిలోని పళ్ళచక్రాలను మేం డ్రైవర్లమందరం డిప్రెన్సు అనేవాళ్ళం. మలుపులో బయటివైపు చక్రం ఎక్కువ తిరగాలి కాబట్టి ఆ ఏర్పాటు మంచిదే, కానీ ఒక చక్రం బురదలో పడితే మొత్తం సత్తువంతా దానికే పోయి అది గిర్రున తిరుగుతూ ఉంటుంది, గట్టి నేల మీద ఉన్న రెండోది కదలకుండా చోద్యం చూస్తుంది. జోడెద్దుల్లో ఒకటి రంకెలేస్తుంటే రెండోది నెమరు వేస్తున్నట్టు ఉండేది. ఆ మొదటి వానల్లో మా ప్రయాణికులు బస్సులో కూర్చున్న దానికంటే బస్సును తోసిందే ఎక్కువ. పసిబిడ్డల తల్లులు కూడా దిగి చీర కుచ్చెళ్ళు దోపుకుని తోసేవారు. చివరికి మరో ఆసామి అర్జీ పెట్టుకున్నాడు, వచ్చే వానల్లో కూడా బస్సు నిలిచిపోతే ఆ దారి అతనికే ఇస్తామని పైవాళ్ళు తేల్చి చెప్పారు. బావకు ఆ బస్సు తప్ప వేరే ఆధారం లేదు, ఉన్న చేను దాని కిందే పోయింది.

అప్పుడు బావ మద్రాసు పోయి, మిలిటరీ తుక్కు సామాను వేలంలో ఒక వస్తువు సంపాదించాడు. మైనపు కాగితంలో చుట్టి, కొవ్వు పూసి ఉంది. డిప్రెన్సు స్థానంలో అది పెడితే ఏ చక్రం బురదలో ఉన్నా రెండూ కలిసే లాగుతాయట. యుద్ధంలో బురదనేలల కోసం చేసిన సరుకట. పసిబిడ్డను తెచ్చినట్టు ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. ఇక దాన్ని ఎవరి చేతికివ్వాలన్నదే మా దిగులు.

అప్పట్లో విడిభాగాలు కరువు. మంచి సామానున్న బండి షెడ్డుకు పోతే అరిగిన సామానుతో తిరిగొస్తుందని డ్రైవర్లందరి భయం. ఆ భయం ఊరికే పుట్టలేదు, నంద్యాలలో ఒక షెడ్డులో మా బస్సుకే ఆ గతి పట్టింది, కొత్త బేరింగు పోయి గలగలలాడే ముసలి బేరింగు వచ్చింది. అందుకని మాలో ఒక ఆచారం ఉండేది. సామాను అప్పగించే ముందు దాని మీద ఎవరికీ కనబడని చోట, ఇనుమును అరగదీసే ఆకురాయితో చిన్న గీత గీసుకునేవాళ్ళం, తిరిగి వచ్చింది మనదో కాదో ఆ గీతే చెప్పాలి. నంద్యాల తర్వాత బావ నన్ను నెల రోజులు తిట్టాడు, ఎందుకు గీయలేదని. కర్నూలులో ఒక షెడ్డువాడు బండి వదిలి పదిరోజులకు రమ్మన్నాడు, లోపల నిలబడనివ్వనన్నాడు. మేము నమస్కారం పెట్టి వచ్చేశాం. చివరికి దారిలో లారీ డ్రైవరొకాయన చెప్పాడు, కడపలో ఒక సాయిబు ఉన్నాడని, ఆయన దగ్గర ఇంతవరకు గుండుసూది కూడా మారలేదని.

ఆయన ఒకప్పుడు రైల్వే షెడ్డులో పనిచేసి వచ్చిన మనిషి. బక్కపలచటి ఒళ్ళు, దారంతో చెవికి కట్టుకున్న కళ్ళజోడు, ఉతికిన బనియను. మొదటి రోజే సాయిబు మామ అన్నాను, అదే నిలిచిపోయింది. ఆయన పని చూస్తుంటే ఆకలి తెలిసేది కాదు. నేల మీద తెల్లటి పాతపంచె పరిచి, ఇరుసులోంచి ఒక్కొక్క భాగమూ తీసి, వచ్చిన వరుసలోనే పేర్చేవాడు. మరలకు కొయ్యపుల్ల ఆనించి రెండో కొసను చెవికి పెట్టుకుని వినేవాడు. ఏ ముక్క పట్టుకున్నా దాని అంచు వెంబడి బొటనవేలు ఒక చుట్టు తిప్పకుండా కింద పెట్టేవాడు కాదు. మా బావ వేరేవాళ్ళ ఇంట నీళ్ళు కూడా ముట్టడని గ్రహించి, మేమడక్కుండానే మధ్యాహ్నం హోటలు నుంచి మజ్జిగన్నం తెప్పించేవాడు. నేను మాత్రం ఆయన పక్కన కూర్చుని వాళ్ళింటి రొట్టెలు తిన్నాను, అక్కకు చెప్పొద్దని బావను బతిమాలుకున్నాను.

మద్రాసు వస్తువు మా లారీకి అచ్చంగా సరిపోలేదు. రెండు రింగులు లేతు మీద కోయించాలి, ఒక పట్టీ కొత్తగా చేయాలి. అలా మూడు వారాలు అక్కడే ఉన్నాం. నేను ఊరకే ఉండలేక చేయందించేవాణ్ణి, ఆయన నా చేతులు చూస్తూ ఉండేవాడు. ఒకరోజు ఉన్నట్టుండి, "వానలు పోనీప్పా, బండి ఎవురికైనా ఇచ్చి నా దగ్గరికి రా. నాకొచ్చిందంతా నీకు చెప్పి పోతా, నాకు మగపిల్లోళ్ళు లేరు" అన్నాడు. డ్రైవరుగిరీ పొట్టకూటికి చేసినదే, నా మనసంతా ఎప్పుడూ ఆ మరల లోపలే ఉండేది. ఆ మాట విన్నాక ఆ సాయంత్రం కడప వీధులన్నీ ఊరికే తిరిగాను.

ఆ శుక్రవారం బావ ఒంటిమిట్ట రామయ్యకు మొక్కు చెల్లించడానికి ఉత్సవాలకు పోతూ, "గీత పెట్టు. మళ్ళా నంద్యాల కాకూడదు" అని చెవిలో చెప్పిపోయాడు. మధ్యాహ్నం సాయిబు మామ నమాజుకు బయలుదేరుతూ షెడ్డు తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఎవురన్నా వస్తే కూచోబెట్టు, ఈడుండేదంతా నీదే అనుకో" అని వెళ్ళాడు. తెల్లపంచె మీద మా వస్తువు విప్పి ఉంది. నేను ఏం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆయన పనిపెట్టెలోని ఆకురాయే తీసి, ఆయన పీట మీదే కూర్చుని గీయబోయాను. పళ్ళు ఎంత గట్టి ఉక్కో, ఆకురాయి జారిపోయింది. అందుకని పళ్ళను పొదిగి ఉంచే డొల్ల అంచు మీద, రెండు సగాలూ కలిసే చోట, రెండు గీతలు పెట్టాను. ఆకురాయి తుడిచి ఎక్కడిది అక్కడ పెట్టేశాను. ఆచారమే కదా, అందరూ చేసేదే కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

మర్నాడు బిగింపు. ఆయన డొల్ల అంచు వెంబడి బొటనవేలు తిప్పుతూ ఒకచోట ఆగాడు. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ అక్కడే ఆగాడు. గీసిన చోట ఇనుము వెంట్రుకంత లేచి నిలబడింది, అలాగే బిగిస్తే సగాలు సరిగ్గా కూర్చోవు, పది మైళ్ళకే లోపలంతా నుగ్గయిపోతుంది. నాకంత తెలిస్తే కదా. "ఈడ గీసిందెవురు?" అన్నాడు. మొక్కు తీర్చి వచ్చిన బావ రేకుల కప్పు వంక చూస్తున్నాడు. గుమ్మడికాయల దొంగలా నా చేయి అప్పటికే భుజం మీదికి పోయినంత పనయింది.

"నేనే మామా" అన్నాను.

"ఎప్పుడు?"

"నిన్న, నువ్వు నమాజుకు పోయినప్పుడు."

ఆయన కళ్ళజోడు తీసి బనియనుతో తుడుచుకున్నాడు. తిడతాడేమోనని ఎదురుచూశాను, తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. నూనెరాయి తీసుకుని ఆ అంచును రుద్దడం మొదలుపెట్టి, పొద్దు వాలేదాకా అలా రుద్దుతూనే ఉన్నాడు. అరచేతి నునుపు వచ్చాక బిగించాడు. ఎప్పటిలాగే కొయ్యపుల్ల చెవికి ఆనించి విని, బాగుందన్నాడు. మాకు హోటలు నుంచి అన్నం కూడా తెప్పించాడు. రొట్టెల మాట ఎత్తలేదు, నేనూ అడగలేకపోయాను.

ఆ వానాకాలం మా బస్సు ఒక్కపూట కూడా ఆగలేదు. రేగడిలోకి దిగగానే రెండు చక్రాలూ ఒక్కసారిగా పట్టి లాగేవి, పెట్టె కిర్రుకిర్రుమనేది, లోపల జనం దిగాలేమోనని చెప్పులు చేత పట్టుకుని కూర్చుని, బండి గట్టెక్కాక ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. దారి బావకే నిలిచింది. అక్క బస్సుకు దిష్టి తీసింది. ఇంటిల్లిపాదీ సంతోషంగా ఉన్నారు, నేను మాత్రం వానలు ఎప్పుడు పోతాయా అని రోజులు లెక్కపెట్టుకుంటూ ఉన్నాను.

వానలు పోయాయి. బ్రేకులు చూపించే వంకతో కడప పోయాను. సాయిబు మామ ఎదురొచ్చి కూర్చోబెట్టాడు, చాయ తెప్పించాడు, అక్క బాగుందా, బండి ఎట్లా లాగుతోంది అని మనసారా అడిగాడు. పని నేర్పే మాట మాత్రం రాలేదు. పనికి కూర్చున్నాక పెట్టెలోంచి ఆకురాయి తీసి, గుడ్డతో తుడిచి, నా చేతికిచ్చాడు. "గుర్తు పెట్టుకోప్పా" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడుపైతే కాళ్ళు పట్టుకుని ఏడ్చి ఉండేవాణ్ణి. నీళ్ళ చెంబు అందించినంత మామూలుగా అందించాడు. వద్దు మామా, నాకవసరం లేదు అన్నాను. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేను గీత పెట్టేదాకా పానా ముట్టుకోలేదు.

ఆ తర్వాత ఏడెనిమిది సార్లు పోయి ఉంటాను. నిజం చెప్పాలంటే సగంసార్లు బండికి ఏ రోగమూ లేదు, దారిలో నేనే ఏదో ఒక మర వదులు చేసి తీసుకుపోయేవాణ్ణి. ఈసారైనా ఆకురాయి ఇవ్వకుండా పని మొదలుపెడతాడేమో, ఆ ఒక్కటి జరిగితే చాలు, పని నేర్పకపోయినా ఫర్వాలేదు అనుకుంటూ పోయేవాణ్ణి. ప్రతిసారీ అదే చాయ, అదే ఆప్యాయత, అదే ఆకురాయి.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది, కడప వీధుల్లో కట్టిన కాగితపు జెండాలు ఇంకా వెలిసిపోకముందు, చివరిసారి చూశాను. చూపు బాగా మందగించింది. పంచె పరిచి, పనిపెట్టెలో చేయి పెట్టి తడుముకుంటున్నాడు. ఆకురాయి పెట్టెలో లేదు, పీట పక్కన నా కాలి దగ్గర పడి ఉంది. నాకు కనబడుతోంది, ఆయనకు కనబడలేదు. నేను చెప్పలేదు. దొరక్కపోతే విసిగి ఈసారికి అలాగే మొదలుపెడతాడని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఆయన విసుక్కోలేదు. పెట్టె మొత్తం కుమ్మరించి, ఒక్కొక్కటీ వేలితో తడిమి చూసి, నేలంతా చేత్తో వెతుక్కుంటూ నా కాలి దాకా వచ్చి, దాన్ని అందుకుని, గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు. నేను గీత పెట్టాను. ఆ చలికాలమే ఆయన పోయాడని లారీ డ్రైవర్లు చెప్పారు.

తర్వాత నా చేతి మీద ఎన్ని బస్సులు నడిచాయో, ఎన్ని షెడ్లు తిరిగానో. ఇప్పటి షాపుల్లో చల్లటి గదిలో కూర్చోబెట్టి, అచ్చుకాగితం మీద ఎక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపిస్తారు. నేను ముసలి చాదస్తంతో పాత సామాను చూపించు, కొత్తది చూపించు అని సతాయిస్తే నవ్వుతూ చూపిస్తారు. ఎవరినైనా ఎంతైనా అనుమానించవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు, అది వాళ్ళ పనిలో భాగమైపోయింది. మనవడికి కూడా ఏదో ఒక షాపు దొరక్కపోదు, పని కూడా బాగానే చేస్తారు. కానీ నేను అనుమానించానని నొచ్చుకునేంతగా నన్ను నమ్మిన మనిషి, ఆ తర్వాత ఇన్నేళ్ళలో నాకు మళ్ళీ తగల్లేదు.