పారుడు రోగం జింకలకు సోకిన ఎండాకాలం

"నాయన పోయినాడు మేడం" అని పొద్దున ఫోన్లో ఆయన కూతురు చెప్పింది. నేను గుమ్మఘట్టలో పశువుల డాక్టరుగా చేరినప్పుడు అక్కడి ఫారెస్టు వాచర్ ఆయన. మా నాన్న వయసు. అయినా అందరిలాగే నేనూ అన్నా అనే పిలిచేదాన్ని.

నాకు తెలిసింది గొర్రెల వైద్యం, ఆవుల వైద్యం. జింకల సంగతులు ఆయన దగ్గర నేర్చుకున్నాను. రోజూ బీడంతా నడిచేవాడు. నక్క చచ్చినా, కుందేలు చచ్చినా చిన్న నోటుబుక్కులో రాసుకునేవాడు. జింక పెంటికలు కనిపిస్తే గొంతుక్కూర్చుని పుల్లతో కదిపి చూసేవాడు. "మనిషైతే నొప్పని చెప్తాడు. వీటికి పెంటికే నోరమ్మా" అనేవాడు.

ఆ ఎండాకాలం గొర్రెలకు పారుడు రోగం వచ్చింది. కొద్దిరోజులకే నీటిగుంట దగ్గర మూడు కృష్ణజింకలు చచ్చిపడ్డాయి. ముక్కుల్లో చీము, వెనక కాళ్లనిండా పారుడు. గొర్రెల రోగమే వీటికీ సోకిందని అర్థమైంది.

"వీటికి సూది ఏసేకి కాదా అమ్మా?"

"పట్టుకుంటే బెదిరే చస్తాయన్నా. గొర్రెలకు నేను వేస్తాను. నువ్వు మందల్ని గుంటలోకి దిగనీకు."

చుట్టుపక్కల ఇంకెక్కడా నీళ్లు లేవు. ఆయన కర్ర పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. మొదట వచ్చింది సొంత తమ్ముడి మందే.

"ఏమప్పా, నా గొర్రెలు యాడ తాగల్ల? జింకలేనా నీ తోడబుట్టినేటివి?"

ఆయన దారి ఇవ్వలేదు. తమ్ముడు మందను మళ్లించాడు. ఇంకో ఊరి నీళ్లు చేరేలోగా రెండు గొర్రెలు పడిపోయాయట. అన్నదమ్ములకు మళ్లీ మాటల్లేవు. అలా నిలబడమన్నది నేను.

ఊరూరా టీకాలు వేశాను. జింకలు చస్తూనే ఉన్నాయి. వానలు పడ్డాక రోగం ఆగింది. మేం ఆపామో, అదే ఆగిందో నాకిప్పటికీ తెలియదు. ఆయన్ను అడిగితే, "మిగిలినేటివి ఉండాయి కదమ్మా, వాటిని చూసుకుందాం" అన్నాడు.

వానలకు ముందు ఒక మధ్యాహ్నం గట్టు మీద జింకపిల్ల పడి ఉంది. దగ్గరికి వెళ్లబోతే లేవలేక కాళ్లు కొట్టుకుంది. ఆయన నా సంచి పట్టుకుని ఆపాడు.

"పొయ్యేదాన్ని ఎందుకమ్మా బెదిరించేది."

కాస్త దూరంలో ఎండలోనే కూర్చున్నాడు. దాని కళ్ల కోసం కాకులు దిగుతున్నాయి. ఒకటి వాలినప్పుడల్లా, కూర్చున్న చోటి నుంచే, చప్పుడు కాకుండా తువ్వాలు ఊపాడు.