బంతి ఎక్కడ పోయిందో చూసిన పిన్నిగారు

మా పై ఇంటి పిన్నిగారు ఇక లేరన్న సంగతి మంగళవారం పొద్దున మా ఫుట్‌బాల్ వాట్సాప్ గ్రూపులో చూశాను. చెల్లెలి మనవడి అన్నప్రాసనకని రాజమండ్రి వెళ్ళారు. వేడుక అయిన మర్నాడు నిద్రలోనే పోయారట. ఆవిడ భర్త, మా బాబాయిగారు, అక్కడి నుంచి రెండే వాక్యాలు రాశారు. మూడేళ్ళుగా నడుస్తున్న ఆ గ్రూపులో ఒక మాటకు ఎవరూ ఎదురు చెప్పకపోవడం అదే మొదటిసారి. ఒక్క ఆఫ్‌సైడ్ గురించి రెండు వారాలు కొట్టుకున్న జనం మేము.

ఎవరీ పిన్నిగారు, ఆవిడకీ ఫుట్‌బాల్‌కీ ఏమిటి సంబంధం అని మీరు అడగొచ్చు. మస్కట్‌లో అజైబాలో మాది రెండో అంతస్తు, వాళ్ళది మూడోది. నా భార్య పిన్నిగారు అని పిలిచేది కాబట్టి నాకూ పిన్నిగారే అయ్యారు. నేనొక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ ల్యాబు చూసుకుంటాను. కాకినాడలో చదువుకునే రోజుల్లో నాలుగు మ్యాచులు ఆడానని స్టాఫ్ రూములో ఒకసారి నోరు జారాను. ఆ పాపానికి కాలేజీ జట్టుకు నన్నే కోచ్‌ని చేసి కూర్చోబెట్టారు. గెలిచిన మ్యాచులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, అదీ ఒక చేతి వేళ్ళు చాలు.

శుక్రవారం సాయంత్రం మ్యాచులకు నా భార్యతో పాటు పిన్నిగారు ఊరికే కాలక్షేపానికి వచ్చేవారు. మొదటిరోజు గోలు ఏ వైపు వెయ్యాలో కూడా ఆవిడకు తెలీదు. మూడో వారానికి ఒళ్ళో వేయించిన వేరుశనగ గుళ్ళు, పక్కన ఖాళీ స్టీలు డబ్బా పెట్టుకుని, నా వెనకే కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. మనవాళ్ళు బంతిని అవతలివాళ్ళకు అప్పగించిన ప్రతిసారీ ఒక గింజ డబ్బాలో పడేది. మ్యాచ్ అయ్యాక ఆ డబ్బా నా చేతికిచ్చారు.

"ఇవిగోనయ్యా, ఇవాళ నువ్వు పోగొట్టిన బంతులు. తిను."

తిన్నాను. చాలా ఉన్నాయి. ఆ వారమంతా కడుపు బరువుగానే ఉంది.

"గోలు పడ్డం అందరికీ కనపడుతుందయ్యా. అంతకుముందు బంతి ఎక్కడ పోయిందో చూడాలి," అనేవారు. డబ్బు కట్టి కోచింగు కోర్సు చేసినవాళ్ళు కూడా నాకు అంత తేలికగా చెప్పలేదు.

ఓడిపోయిన ప్రతి శుక్రవారం సభ పిన్నిగారి హాల్లోనే జరిగేది. అంటే దాదాపు ప్రతి శుక్రవారం. పునుగులు ఒక విడతా, టీ రెండు విడతలూ. "ఓడినవాళ్ళకి ఆకలెక్కువ," అంటూ గెలిచిన రోజున ఉత్త బిస్కెట్లు పెట్టేవారు. అక్కడ ఇద్దరిది ప్రధాన కంఠం. ఒకరు బ్యాంకులో పనిచేసే హైదరాబాదు మిత్రుడు, ఆయన కొడుకు మా జట్టులో ఎప్పుడూ బెంచి మీదే ఉండేవాడు కాబట్టి నా ప్రతి నిర్ణయమూ ఆయనకు తప్పే. రెండోవారు మా గోల్‌కీపర్ తండ్రి, ఒమానీ పెద్దమనిషి. ఆయన హిందీ నా హిందీ కన్నా బాగుంటుంది. "కోచ్ సాబ్, ఆప్‌కా డిఫెన్స్ ఖలాస్," అని నవ్వుతూ మొదలుపెట్టి, నవ్వుతూనే నా పరువు తీసి, వెళ్ళేటప్పుడు హల్వా డబ్బా ఇచ్చి వెళ్ళేవాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇద్దరితోనూ కలబడేవాణ్ణి. పిన్నిగారు మధ్యలో పునుగుల పళ్ళెం పెట్టి, "తింటూ తిట్టుకోండి, గొంతు నొప్పెట్టదు," అనేవారు.

ఇంత సరదా మనిషి గురించి ఇప్పుడు నేను చెప్పబోయేది నాకు అంత సరదా అయినది కాదు. కానీ ఇది చెప్పకపోతే ఆవిడ గురించి ఏమీ చెప్పనట్టే.

కిందటేడు మొదటిసారి మేము సెమీఫైనల్‌కి వచ్చాం. మా ఎనిమిదో నంబరు కుర్రాడు మధ్యలో ఆడతాడు, జట్టుకి వాడే ఇరుసు. వాళ్ళది జగిత్యాల దగ్గర ఒక పల్లె. తండ్రి అల్ అమెరాత్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో ఫోర్‌మన్. ఆయన ఎప్పుడూ మ్యాచ్‌కి రాలేదు, శుక్రవారం కూడా సైట్‌లో పని ఉండేది. ఆ రోజు మాత్రం సెలవడిగి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా చివరి వరసలో కూర్చున్నాడు.

ఇరవై నిమిషాలు మిగిలి ఉండగా మేము ఒక గోలు ముందున్నాం. అప్పుడు ఎనిమిదో నంబరు నా వైపు చూసి చెయ్యెత్తాడు. పిక్క పట్టేసింది, మార్చండి సార్ అని. సరిగ్గా అప్పుడే వెనక నుంచి బ్యాంకు మిత్రుడు అరిచాడు. "అరే, ఆ ఎనిమిదో నంబర్‌ను తీసెయ్యవయ్యా, మావాణ్ణి దింపు." ఇక నేను మారుస్తానా? ఆయన మాట విన్నట్టవుతుందని మార్చలేదు. ఆడు ఆడు అని చేత్తో సైగ చేశాను. కాసేపటికి వాడు మళ్ళీ చెయ్యెత్తాడు. నేను తల తిప్పుకున్నాను. ఆ తర్వాత వాడి కాళ్ళ దగ్గరే బంతి పోయి ఒక గోలు, మళ్ళీ వాడి దగ్గరే పోయి ఇంకో గోలు. ఓడిపోయాం.

ఆ సాయంత్రం పిన్నిగారి హాలు కిటకిటలాడింది. ఫోర్‌మన్‌ని కూడా ఎవరో వెంటబెట్టుకొచ్చారు. ఆయన తలుపు దగ్గరే నిలబడ్డాడు. అందరి నోటా ఒకటే మాట, ఎనిమిదో నంబరు ముంచేశాడని. "రెండు గోల్సూ వాడి చలవే," అన్నాడు బ్యాంకు మిత్రుడు. అందరూ నా వైపు చూశారు. చెప్పడానికి అదే సమయం. నేనేమన్నానో తెలుసా? "నమ్మి ఉంచాను. ఏం చేస్తాం," అన్నాను. పాపం కోచ్ అని అందరూ నా మీద జాలిపడ్డారు. ఆ హాల్లో నా మీద ఎవరైనా జాలిపడటం అదే మొదలు, నాకది హాయిగానే అనిపించింది.

అప్పుడు ఫోర్‌మన్ నా ముందుకొచ్చి చేతులు జోడించాడు.

"మా పోరనితోని తప్పయింది సార్. మీరు నమ్మిండ్రు, వాడు నిలవెట్టలే. రేపటి సంది ఆటకు పంపియ్య. సదువుకుంటడు."

నేను పరవాలేదన్నాను. క్షమించేవాడి గొంతుతో అన్నాను. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది, నా మీదే.

పిన్నిగారు ఆ పూట నాకు డబ్బా కూడా ఇవ్వలేదు. మర్నాడు పొద్దున నేను ఇడ్లీ తింటుంటే కిందకి దిగొచ్చి, డబ్బా మూత మాత్రం నా పళ్ళెం పక్కన పెట్టారు. అందులో గుళ్ళు ఉన్నాయి.

"ఆ పిల్లాడు చెయ్యెత్తినప్పట్నుంచీ వాడివి విడిగా మూతలో వేశాను. తొమ్మిది. ముందంతా కలిపి వాడు పోగొట్టినవి మూడో నాలుగో. వాడు రెండుసార్లు అడిగాడయ్యా. నేను చూశాను, నువ్వూ చూశావు."

"మీరు నిన్ననే అనొచ్చుగా పిన్నిగారూ," అన్నాను. దొరికిపోయినవాడికి కోపమే ముందొస్తుంది కదా.

"నేనంటే నీ పరువు పోతుంది, అంతే. నువ్వంటే ఆ తండ్రి తలెత్తుకుంటాడు. పద, నేనూ వస్తాను. చీర మార్చుకొచ్చాను కూడాను."

బయల్దేరాం. బౌషర్ కొండ మీదుగా అల్ అమెరాత్‌కి దిగే రోడ్డు మహా ఏటవాలు, గుండెలు గొంతులోకొస్తాయి. పిన్నిగారు ఆ దిగుడంతా కళ్ళు గట్టిగా మూసుకుని, "నువ్వు మాత్రం మూసుకోకు," అని నాకు జాగ్రత్తలు చెబుతూనే ఉన్నారు. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది.

సైట్‌కి బయల్దేరబోతున్న ఫోర్‌మన్ మమ్మల్ని చూసి కంగారుపడి కుర్చీలు తుడిచాడు. కుర్రాడు పిక్కకు గుడ్డ చుట్టుకుని కూర్చుని ఉన్నాడు. నేను కూర్చోకుండానే చెప్పేశాను. మీవాడు మార్చమని రెండుసార్లు అడిగాడు, పంతానికి పోయి నేనే మార్చలేదు, నిన్న అందరి ముందూ అబద్ధమాడాను అని. చెప్పడానికి నిమిషం కూడా పట్టలేదు. రాత్రంతా అంత భారంగా మోసింది ఇదేనా అనిపించింది.

ఫోర్‌మన్ వెంటనే కొడుకు వైపు తిరిగాడు.

"చెయ్యెత్తినవా రా?"

"ఎత్తిన."

"మరి నాకెందుకు చెప్పలే?"

"సారే చెప్తడనుకున్న నానా."

నాకు కళ్ళు చెమర్చాయి. ఫోర్‌మన్ తల దించుకున్నాడు. పిన్నిగారు కుర్చీ ముందుకు లాక్కుని, "సరే, సారు చెప్పాడుగా. ఇహ టీ పెట్టండి, కొండ దిగేసరికి నా ప్రాణం పోయి వచ్చింది," అన్నారు. ముందుగా నవ్వింది ఆ కుర్రాడే.

తిరుగు దారిలో నేను తేలికపడి కూనిరాగం తీస్తుంటే, "అప్పుడే పాటలేంటి? అవమానం హాల్లో జరిగింది, సగం పని అక్కడుంది," అన్నారు. తరవాతి శుక్రవారం ఆ సగమూ అయింది. అందరి ముందూ చెప్పాను. బ్యాంకు మిత్రుడు పండగ చేసుకున్నాడు. ఒమానీ పెద్దమనిషి నవ్వకుండా నన్ను తిట్టింది ఆ ఒక్కరోజే, ఆ తర్వాత లేచి నన్ను కావలించుకున్నాడు. పిన్నిగారు ఇంకో వాయి పునుగులు వేస్తూ, "ఇన్నాళ్ళకి తిట్టడానికి సరైన మనిషి దొరికాడు, కానివ్వండి," అన్నారు. నెల రోజులు తిట్టారు. నా పరువు పూర్తిగా పోయింది గానీ జట్టులో ఒక్క కుర్రాడు కూడా పోలేదు.

అప్పట్నుంచీ నేను నా నిర్ణయాలను సమర్థించుకోవడం మానేశానని కాదు. ఇప్పటికీ గంటసేపు వాదిస్తాను. కానీ గ్రౌండులో ఎవడు చెయ్యెత్తినా ముందు వాణ్ణి చూస్తాను. ఈమాత్రం బుద్ధి నాకు ఆవిడ పెట్టిందే. ఉన్నప్పుడు ఆ మాట ఆవిడతో అనలేదు. అంటే, "గుళ్ళు తినలేక అంటున్నావు," అనేవారు.

మొన్న శుక్రవారం మాకు మ్యాచ్ ఉంది. వాయిదా వేద్దామా అనుకున్నాం, బాబాయిగారే ఫోన్ చేసి, "ఆడండయ్యా, లేకపోతే అది నన్ను తిడుతుంది," అన్నారు. ఆడాం, ఓడాం. పై ఇంటికి తాళం వేసి ఉంది కాబట్టి గ్రౌండు బయట నా కారు చుట్టూ నిలబడ్డాం. ఎలా మొదలుపెట్టాలో ఎవరికీ తెలీలేదు. ఒమానీ పెద్దమనిషి గడ్డం సవరించుకుంటున్నాడు. బ్యాంకు మిత్రుడు, ఎన్నడూ లేనిది, కారు తాళాలు తిప్పుకుంటున్నాడు.

అప్పుడు వెనక నుంచి ఫోర్‌మన్ ముందుకొచ్చాడు. ఈ ఏడాదిలో మ్యాచ్‌కి వస్తున్నాడు గానీ నోరు విప్పింది లేదు.

"ఒక్క మాట చెప్తా సార్. ఇయ్యాల తప్పు మీదే. మావోణ్ణి గంత ఎన్కకు ఎందుకు తీసుకపోయిండ్రు? నడిమిట్ల ఎవ్వలు లేకుంటయిరి."

"అలా కాదన్నా," అన్నాను.

"కాదంటే ఎట్ల? ఇగో, జూడుండ్రి." నా కారు బానెట్ మీద వారం రోజుల దుమ్ము ఉంది. ఆయన దాని మీద వేలితో గ్రౌండు గీశాడు. మధ్యలో చుక్కలు పెట్టాడు. ఒక చుక్క నుంచి ముందుకు గీత లాగి, "ఈడ ఉండాలె మావోడు. మీకు ఎన్నిసార్లు చెప్పాలె సార్," అన్నాడు. బ్యాంకు మిత్రుడు వెంటనే వంగి ఇంకో గీత గీశాడు. ఒమానీ పెద్దమనిషి రెండింటినీ కాదని మూడోది గీశాడు. ముగ్గురూ కలిసి నన్ను చీల్చి చెండాడారు. నేను గొంతు చించుకుని వాదించాను. చీకటి పడేదాకా ఎవరూ కదల్లేదు.

ఇక్కడ మురికి కారు రోడ్డు మీద తిప్పితే పోలీసులు ఊరుకోరు. అందుకని శనివారం పొద్దున నా భార్య బకెట్టూ గుడ్డా తెచ్చి ఇచ్చింది. తలుపులు తుడిచాను, అద్దాలు తుడిచాను, వెనక భాగమంతా తుడిచాను. బానెట్ దగ్గరకొచ్చి, ఆ గీతలు చూస్తూ గుడ్డ పిండుకుని నిలబడ్డాను.