ఆయాసం లేని పరుగు

ఆయాసం తగ్గాలంటే ఆయాసం వచ్చేదాకా నడవాలట! జగిత్యాల డాక్టరు చెప్పిన ఈ మాట నాకు అప్పుడూ ఎక్కలేదు, ఇప్పుడూ సరిగ్గా ఎక్కదు. సిరిసిల్లలో మా మరమగ్గాల షెడ్డులో నూలు దుమ్ము మింగీ మింగీ, బిందె ఎత్తితే చాలు నాకు ఎగపోత వచ్చేది. "రోజింత వేగం పెంచమ్మా, గుండె, ఊపిరితిత్తులు గట్టిపడతయి" అన్నాడాయన.

నడిచాను. అవి అడవిలోని నక్సలైట్ అన్నలకూ పోలీసులకూ నడుమ ఊళ్లు నలుగుతున్న రోజులు. ఆడది వడివడిగా నడిస్తే ఎవరో పోయినట్టే లెక్క. "ఏం పుట్టి మునిగిందే, గట్ల ఉరుకుతున్నవ్?" అంటూ పక్కింటి వదిన నా వెంటే వచ్చేది. మా ఇద్దరినీ చూసి, ఏదో గొడవ జరిగిందనుకుని కిరాణా కొట్టాయన షట్టర్ దించేవాడు. గుండె గట్టిపడటానికి నడుస్తున్నానంటే వదిన నమ్మదు. "నడిస్తె గట్టిపడుతదా? గీ దినాలల్ల బతుకుతున్నమంటెనే మనది గట్టి గుండె!" అనేది. నిజమే కదా అనిపించి, ఆగాలో నడవాలో తెలిసేది కాదు. అయినా ఊపిరి తేలికపడింది. నడక పరుగైంది. వీధికీ నా పరుగు అలవాటైంది.

ఒక పొద్దున కబురొచ్చింది. కోరుట్ల నుంచి వస్తున్న నా తమ్ముణ్ణి బస్సు దింపి, ఊరి బయటి పోలీసు క్యాంపుకు తీసుకుపోయారట. చెప్పులైనా వేసుకోకుండా ఉరికాను. ఆగి ఎవరికీ చెప్పే తీరిక లేదు. కొట్టాయన నవ్వి చెయ్యూపాడు. వాకిలి ఊడుస్తున్న వదిన "ఇయ్యాల మస్తు స్పీడున్నవే!" అంది. ఒక్కరూ వెంట రాలేదు. నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది.

క్యాంపులో తమ్ముడు బెంచీ మీద తల వంచుకుని ఉన్నాడు. "సార్, వాడు నా తమ్ముడు. మగ్గాల మీద పని జేసెటోడు. ఏ పాపం ఎరుగడు, ఇడిసిపెట్టుండ్రి" అన్నాను ఒక్క గుక్కలో.

పోలీసాయన నన్ను కిందికీ మీదికీ చూశాడు. "ఎట్లొచ్చినవ్?"

"ఊళ్లెకెల్లి ఉరికొచ్చిన సార్."

"గంత దూరం ఉరికి రొప్పుతలేవేంది? గీ ఉరుకుడు నీకెవలు నేర్పిండ్రు?"

అన్నల దగ్గర నేర్చాననుకుంటున్నాడని అర్థమైంది. "డాక్టరు" అనబోయాను. వదినే నమ్మని మాట ఈయన నమ్ముతాడా? ఊపిరి బాగుపడినందుకు సంతోషించాలో, అది తమ్ముడి మెడకు చుట్టుకుంటున్నందుకు ఏడవాలో అర్థం కాలేదు. గోడకు చెయ్యి ఆనించి, పాత రోజుల్లోలా రొప్పడం మొదలుపెట్టాను. ఎగపోసుకుంటూ కూలబడ్డాను.

ఆయన నీళ్లు తెప్పించాడు. "అక్కను ఇంటికి తీస్కపోరా" అన్నాడు తమ్ముడితో.

గేటు దాటాక ఆపేద్దామనుకున్నాను. అదేమిటో, ఆ రొప్పు ఆగలేదు.